కట్టుబడి ఎవరిది?

కట్టుబడి అంటే ఇవాళ మనకు తోచేది ఒక్కటే: ఇచ్చిన మాటకు లోబడి ఉండడం. రెండు వందల ఏళ్ల కిందట గంజాం, విశాఖపట్నం జిల్లాల జమీందారీ లెక్కల్లో ఈ మాటకు రూపాయల్లో తేల్చగల అర్థం ఉండేది. కొలువు చేసినందుకు ఇచ్చిన భూమి మీద, పూర్తి శిస్తుకు బదులుగా, ఏటా కట్టే చిన్న మొత్తం పేరు కట్టుబడి. రాయలసీమలో అయితే అలాంటి భూమి పట్టుకుని ఊరికి కాపలా కాసే, పిలుపు వస్తే ఆయుధం పట్టే బంట్రోతునే కట్టుబడి అనేవారు. రుసుముకూ, రుసుము కట్టే బంటుకూ, జమీందారుకూ బంటుకూ మధ్య నడిచే నమ్మకానికీ భాష ఒకే మాట పెట్టింది. సైనికుడికి ఇచ్చే గౌరవానికి సర్కారు అతని దగ్గరే డబ్బు తీసుకోవచ్చా అనే ప్రశ్నకు గంజాం చరిత్ర చెప్పే జవాబు ఈ మాటలోనే ఉంది.

ఆ ప్రశ్న ఇప్పుడు గట్టిగా వినిపించేది అమెరికాలో. అక్కడి రాష్ట్రాలు మాజీ సైనికుల బండ్లకు ప్రత్యేకమైన నంబరు ప్లేట్లు తయారుచేసి ఇస్తాయి. అంకెల పక్కన పోరాడిన యుద్ధం పేరో, దళం గుర్తో, దక్కిన పతకం బొమ్మో ఉంటుంది. కొన్ని పతకాలకూ, యుద్ధంలో అంగవైకల్యం పొందినవారికీ చాలాచోట్ల ప్లేటు ఉచితంగానో నామమాత్రపు రుసుముకో వస్తుంది. మిగతావారు మామూలు రిజిస్ట్రేషను ఖర్చు మీద అదనంగా కట్టాలి. ఆ అదనపు సొమ్ములో కొంత మాజీ సైనికుల సంక్షేమానికి మళ్లించే రాష్ట్రాలూ ఉన్నాయి. ప్రాణం పణంగా పెట్టి వచ్చినవాడు ఆ సంగతి తన బండి మీద రాసుకోవాలంటే డబ్బు కట్టాలా అని అక్కడ కొందరు మండిపడతారు. మన దేశంలో మాజీ సైనికులకంటూ ప్రత్యేకమైన నంబరు ప్లేటు లేదు. కాబట్టి ఇది మనకు సంబంధం లేని తగవులా కనిపిస్తుంది. అయితే ఆనవాలు రేకు మీద ఉన్నా పొలం గట్టు మీద ఉన్నా తగవు ఒకటే, గంజాం దాన్ని భూమి రూపంలో నూరేళ్లకు పైగా తేల్చుకుంది. ఆ అనుభవం చెప్పేది ఇది: చిన్నదిగా, మారకుండా ఉన్నంతవరకు రుసుము సైనికుడికి అవమానం కాదు. అది ఏటేటా సర్కారు చేతే అతని హక్కును ఒప్పించే సాక్ష్యం.

గంజాం నేల తీరు తెలిస్తే ఈ ఏర్పాటు ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. సముద్రానికీ తూర్పు కనుమలకూ మధ్య సన్నటి మైదానం, దాని పైన కనుమ దారులు, ఆ దారులకు అటు కంధ గిరిజనుల కొండలు. పర్లాకిమిడి, ఖళ్లికోట, ధరాకోట, చికిటి, మందస, టెక్కలి, పెదకిమిడి, చినకిమిడి అంటూ ఈ నేలంతా జమీందారీలుగా చీలి ఉండేది. ఏ దొరకూ నెలనెలా జీతాలిచ్చి సైన్యాన్ని మేపేంత నగదు లేదు. ఉన్నది భూమి. అందుకని నాయకుడికి ఊరు మొఖాసాగా, అంటే కొలువుకు ప్రతిఫలంగా, ఇచ్చాడు. కనుమ దారి కాసే బిస్సోయికి కొండకింద కొన్ని గ్రామాలు వదిలాడు. కత్తీ విల్లూ పట్టే పైకుకు నాలుగు మడిచెక్కలు ఇచ్చాడు. ఉత్తరాన ఒడియా మాట్లాడే ఊళ్లలో ఈ కాల్బలాన్ని పైకులన్నారు. దక్షిణాన తెలుగు మాట్లాడే ఊళ్లలో బంట్లు, బంట్రోతులు అన్నారు. పేరేదైనా ఒప్పందం ఒకటే. సేవ ఉన్నంతకాలం భూమి, భూమి ఉన్నంతకాలం సేవ. మొఖాసా అనే మాటను ఊరి పేరులో మోస్తున్న గ్రామాలు ఉత్తరాంధ్రలో ఈనాటికీ ఉన్నాయి.

ఇలా ఇచ్చిన భూముల్లో చాలావాటి మీద కట్టుబడి ఉండేది. ఒడియా పలుకుబడిలో ఇలాంటి నామమాత్రపు పన్నుకు టంకి అని పేరు. దొరకు ఆ డబ్బు పెద్ద లెక్కలోది కాదు. దాని పని వేరు. పూర్తి శిస్తు కడితే బంటుకూ మామూలు రైతుకూ తేడా ఉండదు, చేసిన కొలువుకు గుర్తు మిగలదు. అసలేమీ కట్టకపోతే రెండు తరాలు గడిచేసరికి భూమి ఎవరిదన్న పేచీ వస్తుంది. బంటు కొడుకు నాదంటాడు, దొర కొడుకు ఎవరిచ్చారంటాడు. చిన్న మొత్తం ఈ రెండు చిక్కులకూ మందు. కడుతున్నవాడు ఈ భూమి ఫలానావారు ఇచ్చినదని ఒప్పుకుంటున్నాడు. పుచ్చుకుంటున్నవాడు ఈ భూమి ఇతని చేతిలో ఉండడం న్యాయమేనని ఒప్పుకుంటున్నాడు. కరణం లెక్కలో పడ్డ ఆ ఒక్క పద్దు ఇద్దరినీ కట్టిపడేస్తుంది, ఎక్కువగా పుచ్చుకున్నవాణ్నే. పుచ్చుకున్న తర్వాత కాదనడం కష్టం.

ఈ ఏర్పాటుకు పరీక్ష ఈస్టిండియా కంపెనీ వచ్చాక ఎదురైంది. 1765లో మొఘలు పాదుషా ఫర్మానాతోనూ, 1766లో నిజాముతో ఒప్పందంతోనూ గంజాం ఉన్న ఉత్తర సర్కారులు కంపెనీ పాలయ్యాయి. 1768లో కంపెనీ అధికారి ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ గంజాం చేరి కోట కట్టుకుని కూర్చున్నాడు. అదే ఏడాది పర్లాకిమిడి జమీందారు నారాయణదేవును కంపెనీ కర్నల్ పీచ్ జలుమూరు దగ్గర ఓడించాడు. ఆ తర్వాత మూడున్నర దశాబ్దాలు జమీందార్లూ వాళ్ల పైకులూ కంపెనీకి తలనొప్పిగానే మిగిలారు. 1802లో 25వ రెగ్యులేషన్ కింద శాశ్వత బందోబస్తు వచ్చింది. జమీందారు సర్కారుకు పేష్కషు, అంటే కప్పం, కట్టే భూస్వామి మాత్రమే అయ్యాడు. సైన్యం కంపెనీది, ఠాణా కంపెనీది. ఈ మార్పును మామూలుగా జమీందారు వైపు నుంచి చెబుతారు. బంటు వైపు నుంచి చూస్తే జరిగింది ఇంకొకటి. ఏ యుద్ధమూ ముగియకుండానే, ఏ దళమూ సెలవు ప్రకటించకుండానే, వేల కుటుంబాలు ఒక్క కాగితంతో మాజీ సైనికులైపోయాయి. చేతిలో భూమి ఉంది, ఆ భూమికి కారణమైన సేవ లేదు. సేవ అక్కర్లేని సర్కారు ఆ భూమిని ఎందుకు ఉంచాలి?

ఈ ప్రశ్నకు సరిహద్దుకు అవతల ఖుర్దాలో వచ్చిన జవాబు రక్తంతో రాసినది. దాని రెండు కొసలూ గంజాంలోనే ఉన్నాయి. 1803 సెప్టెంబరు 8న కంపెనీ సేన గంజాం నుంచే ఒరిస్సా మీదికి బయలుదేరింది. కర్నల్ హార్‌కోర్ట్ నాయకత్వంలో 18న పూరీ చేరి, అక్టోబరు 14న కటకంలోని బారాబతి కోట పట్టుకుంది. మరుసటి ఏడాది ఖుర్దా రాజు తిరగబడితే అతని రాజ్యం జప్తు అయింది. ఆ రాజ్యంలో పైకులకు తరతరాలుగా ఉన్న జాగీరు భూములు పన్ను లేనివి. కొత్త సర్కారు వాటిని సేవ లేని ఖాళీ భూములుగా చూసి శిస్తు వేసింది. పైకులకు నాయకుడైన బక్షీ జగబంధు తన ఎస్టేటునే పోగొట్టుకున్నాడు. 1817 మార్చిలో గంజాం వైపున ఉన్న గుంసూరు నుంచి నాలుగు వందల మంది కంధులు ఖుర్దాలోకి దిగారు. పైకులు వాళ్లతో కలిశారు. బాణపూర్ ఠాణా తగలబడింది. తిరుగుబాటు అణిగిన తర్వాత కంపెనీ అధికారి వాల్టర్ యూవర్ 1818లో ఇచ్చిన నివేదికే పైకుల భూములు గుంజుకోవడాన్ని కారణాల్లో ముందు నిలబెట్టింది. చివరికి 1825లో జగబంధు లొంగిపోతే కంపెనీ అతనికి నెలకు నూట యాభై రూపాయల భరణం ఇచ్చి కటకంలో ఉంచింది. కొలువు చేసినవాళ్ల భూమిని నిలపలేని సర్కారు, కత్తి దూసినవాడికి నెలనెలా లెక్కగట్టి చెల్లించింది.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజంగా వస్తుంది. ఖుర్దా పైకులు భూమి పోగొట్టుకున్నది రుసుము కట్టనందుకా, రాజు తిరగబడి రాజ్యం జప్తు అయినందుకా? జప్తు లేకపోతే భూములూ ఉండేవి కదా? అభ్యంతరం సగం నిజం. పైగా ఒరిస్సాలో టంకీ బహాల్ అనే భూములతో పాటు లాఖిరాజ్ బహాల్ అనేవీ ఉన్నాయి. బహాల్ అంటే ఖాయపరచినది. అంటే నామమాత్రపు పన్ను కట్టేవాళ్ల హక్కులే కాక, బొత్తిగా ఏమీ కట్టని బ్రాహ్మణుల, గుళ్ల భూములు కూడా కంపెనీ దగ్గర నిలిచాయి. అయితే అవి దేని బలంతో నిలిచాయో చూడాలి. వాళ్ల చేతిలో రాగిరేకులు, సన్నదులు, తాళపత్రాలు ఉన్నాయి. చదువు ఉన్నవాడు ఉచితాన్ని కాపాడుకోగలడు. పైకు చేతిలో ఉన్నది కత్తి. అతని హక్కు రాజు నోటిమాటలోనూ ఊరి జ్ఞాపకంలోనూ ఉంది. రాజు పోగానే సాక్షి పోయాడు. రాయించుకునే స్తోమత లేనివాడికి ఏటేటా పడే చిన్న పద్దు తప్ప వేరే దస్తావేజు లేదు. కాబట్టి వాదం ఉచితానికీ రుసుముకూ మధ్య కాదు. వాదం రాతకూ, రాత లేకపోవడానికీ మధ్య. రుసుము ఆ రాతల్లో అన్నిటికన్నా చవకైనది.

ఉత్తర సర్కారులలో సంగతి ఇంకాస్త స్పష్టంగా కనిపిస్తుంది. శాశ్వత బందోబస్తు వచ్చిన ఏడాదే, 1802లోనే, 31వ రెగ్యులేషన్ కూడా వచ్చింది. శిస్తు లేకుండా భూమి అనుభవిస్తున్నవాళ్ల హక్కు చెల్లుతుందా లేదా అని విచారించడమే దాని పని. ఏమీ కట్టనివాడే అనుమానితుడు. మరోపక్క కట్టుబడి కట్టే మొఖాసాల సంగతి వేరు. జమీందారు సర్కారుకు ఎంత పేష్కషు ఇవ్వాలో తేల్చేటప్పుడు అతని రాబడి లెక్కగట్టారు. ఆ రాబడిలో ఫలానా మొఖాసా నుంచి వచ్చే కట్టుబడి కూడా ఒక పద్దుగా పడితే, ఆ మొఖాసా బందోబస్తుకు ముందు నుంచీ ఉందని సర్కారు లెక్కే చెబుతుంది. తర్వాతి నూరేళ్లలో ఈ జిల్లాల కోర్టుల్లో నడిచిన ఇనాం దావాల్లో వకీళ్లు పదేపదే తవ్విన ప్రశ్న ఇదే: ఈ భూమి బందోబస్తుకు ముందుదా, తర్వాతదా, జమీందారీ రాబడిలో చేరిందా లేదా? ఒకనాడు దొరగారి ఖజానాలో పడ్డ కొద్ది రూపాయలు, కట్టినవాడి మనవడికి కోర్టులో పనికొచ్చాయి.

1858లో మద్రాసు ప్రభుత్వం జి.ఎన్. టేలర్ కమిషనరుగా ఇనాం కమిషన్ వేసింది. గ్రామగ్రామానా ఇనాందారులను పిలిచి, భూమి ఎంత, ఎవరిచ్చారు, ఏ పనికిచ్చారు, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది, ఏటా ఏమి కడుతున్నారు అని గడులు గీసి రాసుకున్నారు. అదే నేటికీ రెవెన్యూ ఆఫీసుల్లో వినిపించే ఇనాం ఫెయిర్ రిజిస్టరు. సేవ అక్కర్లేదని తేలిన భూములను, ఒక స్థిరమైన చిన్న పన్నుకు ఒప్పుకుంటే, సేవ నుంచి విడిపించి పూర్తి సొంతం చేశారు. 1862 నాటి 4వ చట్టం ఆ ఏర్పాటుకు బలమిచ్చింది. చేతికి కమిషనరు సంతకంతో టైటిల్ డీడు వచ్చింది. ఆ రిజిస్టరులోని రాతకు ఎంత విలువ ఉందంటే, 1919లో ఒక మఠం దావాలో లండన్‌లోని ప్రివీ కౌన్సిలే దాన్ని అత్యంత ముఖ్యమైన సాక్ష్యంగా ఎంచింది. ఇంగ్లీషు దొరలు దయతో ఇది చేశారని అనుకోనక్కర్లేదు. వాళ్లకు కావలసింది స్థిరమైన రాబడి, తగవుల్లేని లెక్క. అయినా ఆ స్వార్థం నుంచే బంటు వారసుడికి చెరగని రాత దొరికింది. 1802 తర్వాత జమీందార్లు సొంతంగా ఇచ్చుకున్న భూములు ఈ గొడుగు కిందికి రాలేదు. వాటి హక్కుదార్లు దొర దయమీదే మిగిలారు.

దీనికి ఎదురుగా బలమైన వాదం ఉంది. సేవ నుంచి విడిపించడం అంటే గౌరవాన్ని ఆస్తిగా మార్చడమే కదా? అప్పటిదాకా ఫలానా కోట కాసినవాడి భూమి అన్న మాటకు అర్థం ఉంది. పన్నుకు ఒప్పుకుని టైటిల్ డీడు తీసుకున్న మరునాటి నుంచి దాన్ని షావుకారుకు తాకట్టు పెట్టొచ్చు, ఎవరికైనా అమ్మొచ్చు. కోట మొహం చూడనివాడు కొనుక్కుని మొఖాసాదారు కావచ్చు. ఇది నిజమే, జరిగింది కూడా. కట్టుబడికీ అమ్మకపు ధరకూ మధ్య ఉన్న గీత ఇక్కడే. కట్టుబడి చేసిన సేవకు అంటిపెట్టుకుని ఉంటుంది, దాన్ని కట్టే అర్హత అందరికీ ఉండదు. ధర అలా కాదు, డబ్బున్న ఎవరైనా కట్టొచ్చు. సైనిక గౌరవానికి రుసుము పెట్టేవారు ఈ గీత దాటితే గౌరవం అంగడి సరుకు అవుతుంది. కాని ఈ ప్రమాదానికి మందు రుసుము తీసేయడం కాదు. ఎవరు కట్టవచ్చునన్న తనిఖీని గట్టిగా ఉంచడం. ఇనాం కమిషన్ టైటిల్ డీడు ఇచ్చేదాకా ఆ తనిఖీ చేసింది, ఆ తర్వాత వదిలేసింది. తప్పు వదిలేయడంలో ఉంది.

ఆ లోగా సైనికుడికి చెల్లింపు పద్ధతే మారిపోయింది. ఆ మార్పును కూడా భాషే దాచిపెట్టింది. శిస్తు వసూలుకూ అల్లర్లు అణచడానికీ పెట్టుకున్న తాత్కాలిక సాయుధ బలానికి పాత పేరు సిబ్బందీ. ఫారసీ నుంచి వచ్చిన ఆ మాట తెలుగులో సిబ్బందిగా స్థిరపడి, ఇవాళ ఏ ఆఫీసు ఉద్యోగులకైనా చెల్లుతోంది. బంటు సిబ్బంది అయ్యాడు, సిబ్బంది జీతగాడయ్యాడు. 1835లో మొదలైన గుంసూరు యుద్ధం తర్వాత భంజ రాజుల జమీందారీ సర్కారు చేతికి వచ్చింది. అక్కడి దండు ఊరికి కమిషనరు రస్సెల్ పేరు మీద రస్సెల్‌కొండ అని పేరు పెట్టారు. అదే నేటి భంజనగర్. భూమి ఇచ్చి సైన్యం పోషించే కాలం అక్కడితో తీరింది. కంపెనీ సిపాయికి నెల జీతం, ముసలితనంలో పింఛను. ఉత్తరాదిలో సిపాయిలకు తిలంగాలని పేరు పడింది తెలుగు నేల నుంచి వెళ్లిన తొలి దళాల వల్లనే. ఈ సర్కారుల నుంచి కంపెనీ పటాలాల్లో చేరినవాళ్లు పింఛను కాగితంతో తిరిగొచ్చారు. ఆ కాగితం కూడా రిజిస్టరులో పేరే. గుర్తింపు గట్టు మీద నుంచి కాగితం మీదికి వచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో ఇండియన్ సోల్జర్స్ బోర్డు ఏర్పడింది. నేడు జిల్లా సైనిక బోర్డులు చేస్తున్న పనికి మూలం అదే. స్వాతంత్ర్యం వచ్చాక 1949 నుంచి డిసెంబరు 7ను సాయుధ దళాల పతాక దినంగా పాటిస్తున్నారు. ఆ రోజు చందా ఇచ్చినవారికి చిన్న జెండా ఇస్తారు. బండికి పెట్టుకునే జెండా కూడా ఇస్తారు. వసూలైన సొమ్ము మాజీ సైనికుల, అమరుల కుటుంబాల సంక్షేమానికి పోతుంది. అమెరికా నంబరు ప్లేటుకు మన దేశంలో అన్నిటికన్నా దగ్గర చుట్టం ఇదే. కాకపోతే వరస తిరగబడింది. అక్కడ సైనికుడు డబ్బు కట్టి తన బండికి గుర్తు పెట్టుకుంటాడు. ఇక్కడ సైనికుడు కానివాడు డబ్బు ఇచ్చి తన బండికి గుర్తు పెట్టుకుంటాడు. అలాగే శౌర్య పతకాలు పొందినవారికి అనేక రాష్ట్రాలు ఇచ్చే మొత్తాల్లో ఒకదాని పేరు ఇప్పటికీ భూమికి బదులు నగదు. మొఖాసా పోయి ఎన్నాళ్లయినా ఆ పద్దు పేరులో దాని నీడ మిగిలింది. 1971 యుద్ధ వీరుల్లో నలుగురికి పరమవీర చక్ర దక్కినప్పుడు రాష్ట్రపతి పీఠం మీద ఉన్నది బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి. ఒకప్పుడు పైకులకు భూమి ఇచ్చిన నేల నుంచి వచ్చినవాడి కాలంలో, దేశం తరఫున పతకం రిబ్బనూ దాని వెంట భరణమూ వెళ్లాయి.

ఇక నంబరు ప్లేటు. గంజాం బండ్ల మీద ఓడీ 07 అని ఉంటుంది, ఒరిస్సా ఒడిశాగా మారకముందు అది ఓఆర్ 07. రక్షణ శాఖ సొంత వాహనాలకు 1988 మోటారు వాహనాల చట్టం 60వ సెక్షన్ వేరే రిజిస్ట్రేషన్ ఇచ్చింది. పైకి చూసే బాణం గుర్తుతో తిరిగేవి అవే. గోపాల్‌పూర్ దగ్గరి ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ వల్ల బరంపురం రోడ్ల మీద ఆ బాణం గుర్తు కొత్త కాదు. సొంత బండికి మాత్రం సైనికుడైనా, మాజీ సైనికుడైనా అందరితో సమానమే. 2021 సెప్టెంబరు 15 నుంచి వచ్చిన బీహెచ్ వరస నంబర్లు సర్వీసులో ఉన్న సైనికులకు తెరుచుకున్నాయి, ఇతర ప్రభుత్వోద్యోగులకూ కొందరు ప్రైవేటు ఉద్యోగులకూ తెరుచుకున్నట్టే. రెండేళ్లకోసారి పన్ను కట్టే వెసులుబాటు తప్ప అందులో గౌరవం మాట లేదు. దారి సుంకం సంగతీ చూడండి. సైనికులను సుంకం నుంచి మినహాయించిన 1901 చట్టం డ్యూటీ మీద ఉన్నవారికోసం. 2008 నాటి జాతీయ రహదారుల రుసుము నిబంధనలు మాత్రం పరమవీర చక్ర నుంచి శౌర్య చక్ర దాకా పతకాలు పొందినవారికి, అధికారికంగా ధ్రువీకరించిన ఫొటో గుర్తింపు కార్డు చూపితే, సుంకం మాఫీ చేశాయి. ఇక్కడ ఉచితం నిలిచింది, ఎందుకంటే దాని వెనక కార్డు ఉంది, కార్డు వెనక పేరున్న రిజిస్టరు ఉంది.

అసలు ఉచితంగా అందరికీ ఇస్తే పోదా అనేవారికి, దేశంలో ఎక్కడైనా రోడ్డు మీద కనిపించే ఒక దృశ్యమే జవాబు. బండి వెనక అద్దం మీదో, నంబరు ప్లేటు అంచునో ఆర్మీ అనో, ఎక్స్ ఆర్మీ అనో అంటించుకున్న అక్షరాలు. వీటికి ఎవరికీ రుసుము కట్టనక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. కొలువు చేసినవాడూ అంటించుకోవచ్చు, అతని తమ్ముడూ అంటించుకోవచ్చు, బండి కొనుక్కున్న మూడో మనిషీ అలాగే ఉంచుకోవచ్చు. నిబంధనలు నంబరు ప్లేటు మీద అదనపు రాతలను ఒప్పవు. పోలీసు వాటిని చూసి సెల్యూటు చేయనూ అక్కర్లేదు, నమ్మనూ అక్కర్లేదు. ఖుర్దా పైకు జాగీరులాగే ఈ అక్షరాలకు ఊరి మర్యాద ఉంది, రాత లేదు. వాటిని రేపు గీకేయమంటే నిలబడే హక్కు ఏదీ ఉండదు. సర్కారు ముద్రతో వచ్చే ప్లేటు తీరు వేరు. 2015లో టెక్సాస్ నంబరు ప్లేట్ల వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురుగా చీలి తేల్చింది ఇదే: ప్రత్యేక ప్లేటు మీది మాట బండి యజమానిది కాదు, సర్కారుది. ఆ దావా వేసినవాళ్లు అక్కడి అంతర్యుద్ధంలో ఓడిన పక్షం సైనికుల వారసుల సంఘం. సర్కారు తన నోటితో ఎవరి సేవను చెప్పాలో సర్కారే ఎంచుకుంటుందని కోర్టు అంది. అంటే ప్లేటు మీద ఒక సైనికుడి సేవను చెక్కాక, ఆ మాట సర్కారు మెడకు చుట్టుకున్నట్టే.

ఇంకో అభ్యంతరం మిగిలింది, అది అన్నిటికన్నా బరువైనది. రుసుము కట్టగలిగినవాడికీ కట్టలేనివాడికీ మధ్య ఒక గోడ లేస్తుంది. పింఛనుతో బతికే సిపాయికీ, అధికారిగా పదవీ విరమణ చేసినవాడికీ ఆ కొద్దిపాటి అదనం ఒకటి కాదు. కాలం గడిచేకొద్దీ అదనం పెరుగుతుంది, ఖజానాకు అలవాటైన రాబడి తగ్గదు. ఈ వాదాన్ని కొట్టిపారేయలేం. గంజాం అనుభవం దీనికి మూడు షరతులు చెబుతుంది. కట్టుబడి పూర్తి శిస్తుకు ఎంతో తక్కువగా ఉన్నంతకాలమే కట్టుబడి, దాన్ని పెంచబోతే అది శిస్తుకు మరోపేరు. ఒకసారి ఖాయమైతే మారకూడదు. ఇనాం కమిషన్ ఇచ్చిన మాటకు బలం వచ్చిందే ఆ స్థిరత్వం వల్ల. మూడోది, పుచ్చుకున్న సొమ్ము పుచ్చుకున్నవారి దర్జాకు కాక కట్టినవారి తోటివారికి తిరిగి చేరాలి. పతాక దినపు డబ్బు వెళ్లే దారి అదే. ఈ మూడూ లేని చోట రుసుమును తిట్టేవారి మాటే నెగ్గాలి. మూడూ ఉన్న చోట ఉచితం కన్నా అదే గట్టిది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు గంజాం జిల్లా రెండుగా చీలింది. బరంపురం, ఛత్రపురం అటు వెళ్లాయి. శ్రీకాకుళం, టెక్కలి ఇటు మిగిలి విశాఖ జిల్లాలో కలిశాయి. పర్లాకిమిడి జమీందారీ మధ్యలోనే గీత పడింది. ఒకే దొరకు కొలువు చేసిన బంట్ల వారసులు రెండు ప్రభుత్వాల పౌరులయ్యారు. తర్వాతి ఇరవై ఏళ్లలో అటు 1951 నాటి ఒరిస్సా ఎస్టేట్ల రద్దు చట్టం, ఇటు 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల చట్టం, 1956 నాటి ఆంధ్ర ఇనాముల చట్టం వచ్చి పాత ఏర్పాట్లను ఊడ్చేశాయి. దొరలు పోయారు, కొలువులు పోయాయి, సరిహద్దు మారింది, పాలించే భాష మారింది. అయినా రెండు వైపులా తహసీల్దారు ముందు హక్కు తేలాల్సి వచ్చినప్పుడు బల్ల మీదికి వచ్చింది ఒకే రకం పుస్తకం: మద్రాసు ఇనాం రిజిస్టరు నకలు. తాత పేరు, భూమి విస్తీర్ణం, ఏ సేవకు ఇచ్చారో ఒక మాట, చివరి గడుల్లో ఏటా కట్టే మొత్తం. ఆ మొత్తం ఎంత చిన్నదైనా, దాన్ని పుచ్చుకుంటామని సంతకం పెట్టింది సర్కారు. కట్టింది బంటు, కట్టుబడింది సర్కారు.